ఏబేలు వినడంట

గిద్దలూరు,
12 మార్చి 2024.

ఏబేలు గారికి,

నేను రిటైర్డు ఇంజనీరు యల్లయ్య గారి కూతురు రేణుకను. ఫిబ్రవరి తొమ్మిదో తేదీ, శుక్రవారం ఉదయం పదకొండు గంటలకు నాయన చనిపోయాడు. ఎనభై నాలుగేళ్లు. డిసెంబరులో పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, మాట రెండూ పడిపోయాయి. అప్పటి నుంచి మంచం మీదే ఉన్నాడు. రాచర్ల దగ్గర మా ఊరి పొలంలో, మా అమ్మ శ్రీశైలమ్మ పక్కనే సమాధి చేశాం.

మీ ఫోను నంబరు మా దగ్గర లేదు. నాయన డైరీలో మీ తర్లుపాడు అడ్రసు కనిపించింది. ఆలస్యానికి ఏమీ అనుకోవద్దని రాయడం మర్యాద. నిజం చెప్తే, మీకు రాయాలా వద్దా అని నెల రోజులు ఆలోచించాను.

మా తమ్ముడు ఆనంద్ ఒంగోలులో బ్యాంకులో పనిచేస్తాడు. సంవత్సరీకం నాటికి నాయన మీద చిన్న పుస్తకం వెయ్యాలని వాడి కోరిక. గొర్రెలు కాసే ఇంట్లో పుట్టి, ఇరిగేషన్ ఇంజనీరై, ఈ చుట్టుపక్కల చెరువులన్నిటినీ బాగుచేసి, ఫిడేలు కూడా వాయించిన మనిషి గురించి మనవళ్లకు తెలియాలంటాడు. మీరు ఇరవై ఏళ్లు ఆయన దగ్గర వర్క్ ఇన్‌స్పెక్టరుగా ఉన్నారు కాబట్టి, ఆ రోజుల గురించి రెండు పేజీలు రాసి పంపమని అడగమన్నాడు.

వీలుంటే రాయండి. వీలు కాకపోయినా ఫరవాలేదు.

రేణుక


తర్లుపాడు,
21 మార్చి 2024.

అమ్మా రేణుకా,

నీ ఉత్తరం అందింది. మా కోడలు రజిని అంగన్‌వాడీ నుంచి వచ్చేసరికి నేను దాన్ని ఒళ్లో పెట్టుకుని వాకిట్లోనే కూర్చుని ఉన్నాను. నా ముఖం చూసి ఎవరు పోయారని అడిగింది. ఉత్తరం చేతికిచ్చాను.

నీకు నేను గుర్తున్నానో లేదో. కంభం క్వార్టర్సులో ఉన్నప్పుడు 'ఏబేలు మామా' అంటూ నా సైకిలు ముందు కడ్డీ ఎక్కి కూర్చునేదానివి. ఇప్పుడు 'గారు' అని రాశావు. పెద్దదానివయ్యావు, అంతేలే.

సారు గురించి రెండు పేజీలంటే ఎక్కడ మొదలుపెట్టను? 1975లో నేను ఉద్యోగంలో చేరిన మూడో రోజున ఒక చెరువు తూముకు రిపేరు వచ్చింది. షట్టరు పూర్తిగా దించినా నీళ్లు కారిపోతున్నాయి. ఎక్కణ్ణుంచో కాంట్రాక్టరుకు అంతుపట్టలేదు. సారు చొక్కా విప్పి, తూము మెట్ల మీద బోర్లా పడుకుని, రాతికి చెవి ఆనించి పది నిమిషాలు విన్నారు. లేచి, "ఎడం పక్క, కింద నుంచి రెండో రాయి" అన్నారు. తవ్వి చూస్తే అక్కడే ఉంది బొక్క. "ఎట్ల తెలిసింది సారూ?" అని అడిగాను. "ఆడ శృతి తప్పింది కదయ్యా" అన్నారు. ఆ తర్వాత నేను చాలామంది ఇంజనీర్లను చూశాను. ఇట్లాంటి మాట అన్నవాళ్లు లేరు.

మీ తాత పిచ్చయ్య గొర్రెల వెంట నల్లమల అంచులకు పోతే, వెనక సారు పిల్లనగ్రోవి ఊదుకుంటూ పోయేవారట. అనంతపురంలో ఇంజనీరింగు చదివేటప్పుడు హాస్టలు వెనక వీధిలో ఒక ఫిడేలు మాస్టారు ఉండేవాడు. ఆయన ఇంట్లో నీళ్లు తోడి, బజారు పనులు చేసిపెట్టి, నాలుగేళ్లు నేర్చుకున్నారు. "గొర్లోళ్ల పిల్లోనికి ఫిడేలేంది?" అని నవ్వినవాళ్ల గురించి సారు ఎన్నడూ కోపంగా చెప్పలేదు. తల వంచుకుని, కమాను తుడుచుకుంటూ చెప్పేవారు. ఎంత బాధపడి ఉంటారో ఆ తుడుచుకోవడంలో తెలిసేది.

నేను నాటకాలవాళ్ల దగ్గర మృదంగం నేర్చుకున్నాను. ఆ సంగతి తెలిసిన రోజు నుంచి జీపులో లెవెల్ మిషను పక్కన నా మృదంగం కూడా ఎక్కేది. ఎక్కడికి బదిలీ అయితే అక్కడికి నన్నూ వేయించుకునేవారు. సాయంత్రం పని దిగాక క్యాంపు బంగళా వరండాలో కూర్చునేవాళ్లం. మీ అమ్మ ఉప్మాకని కట్టిచ్చిన రవ్వలో పిడికెడు తీసి తడిపి, నాదం కుదరడానికి మృదంగం ఎడమ మూతకు అంటించేవాణ్ణి. "రవ్వంతా నీ మద్దెలే తింటాంది ఏబేలూ" అని ఆమె మొత్తుకునేది. సారు శహన రాగం అందుకుంటే, పొలాల నుంచి ఇళ్లకు పోయే ఆడవాళ్లు గడ్డిమోపులు దించి గేటు బయట నిలబడేవాళ్లు. సారు వాళ్లను చూడనట్టే ఉండి ఇంకో పావుగంట పెంచేవారు.

కిందటేడు దసరా తర్వాత సారు మా ఇంటికి వచ్చారు. నీకు చెప్పే ఉంటారు. ఇరవై ఏడేళ్లకు చూశాను. ఎంతోసేపు ఉండలేదు, టీ కూడా తాగకుండా వెళ్లిపోయారు. మళ్లీ వస్తారని ఎదురుచూశాను.

ఆఖరి రోజుల్లో ఫిడేలు దగ్గర పెట్టారా? ఏం విన్నారు? అది రాయి.

ఉత్తరమే రాయి తల్లీ. ఫోను వద్దు.

ఏబేలు


గిద్దలూరు,
8 ఏప్రిల్ 2024.

ఏబేలు గారికి,

మీరు రాసిన పేజీలు చదివి ఆనంద్ కళ్లు తుడుచుకున్నాడు. నేను రెండుసార్లు చదివాను. రెండోసారి కోపంతో చదివాను.

'టీ కూడా తాగకుండా వెళ్లిపోయారు' అని రాశారు. ఎందుకు తాగలేదో రాయలేదు. నేను చూసింది రాస్తాను.

మా చిన్నప్పుడు ఇంట్లో రోజూ ఫిడేలు మోగేది. 1996లో, నా పెళ్లయిన ఏడాది, నాయన ఉన్నట్టుండి ఆపేశాడు. వేళ్లు నొప్పులన్నాడు. అమ్మ చనిపోయేదాకా అడుగుతూనే ఉంది, ఎప్పుడూ అదే జవాబు. అట్లాంటిది, కిందటేడు సెప్టెంబరులో ఒకరోజు పెట్టె దించమన్నాడు. కొత్త తీగలు తెప్పించుకున్నాడు. నెల రోజులు గది తలుపు వేసుకుని సాధన చేశాడు. ఎనభై మూడేళ్ల వేళ్లు ఎక్కడ తగలాలో అక్కడ తగిలేవి కావు. బయట వంట చేసుకుంటూ వినేదాన్ని. ఒకే చోట తప్పు పోయేది, మళ్లీ మొదటి నుంచి అందుకునేవాడు.

అక్టోబరు ఇరవై తొమ్మిది, ఆదివారం. పొద్దున్నే స్నానం చేసి తెల్ల చొక్కా వేసుకున్నాడు.

"యాడికి నాయనా?"

"తర్లుపాడుకు. ఏబేలుతో పనుంది."

"కారు మాట్లాడతా. నేనూ వస్తా."

"వద్దు. దీనికి నేనొక్కణ్ణే పోవాల."

బస్సులో మార్కాపురం పోయి, అక్కణ్ణుంచి ఆటో పట్టుకున్నాడట. సాయంత్రం ఐదింటికి తిరిగి వచ్చాడు. చెప్పులు విడవడానికి వంగినవాడు గడప మీదే కూర్చుండిపోయాడు. నీళ్లిస్తే పుచ్చుకున్నాడు గాని తాగలేదు.

"ఏమైంది నాయనా?"

"ఏబేలు వినడంట."

"ఏంది వినంది?"

"నా మాట. నా ఫిడేలు. పెట్టె తియ్యొద్దని గట్టిగా అరిచినాడు. వానిది తప్పేం లేదులే. నేనే ఆలస్యం చేసినా."

అంతకు మించి ఎంత అడిగినా చెప్పలేదు. పెట్టె మళ్లీ అటక ఎక్కించాడు. ఆరు వారాలకు పక్షవాతం వచ్చింది.

మీ ఇద్దరి మధ్య ఏం జరిగిందో నాకు తెలియదు. ఏదైనా జరిగి ఉండనీండి. ఆ వయసు మనిషి ఒళ్లో పెట్టె పెట్టుకుని అంత దూరం వస్తే, అరిచి పంపిస్తారా? ఆ నోటితోనే ఇప్పుడు ఏం విన్నారని అడుగుతున్నారా? ఏమీ వినలేదు. రేడియో పెడితే గోడ వైపు తిరిగేవాడు. బాగా రాసుకోండి, ఏమీ వినకుండానే పోయాడు.

మీ పేజీలు ఆనంద్ కోసం పుస్తకంలో వేస్తాం. నాకు ఇక రాయనక్కర్లేదు.

రేణుక


తర్లుపాడు,
2 మే 2024.

అమ్మా రేణుకా,

రాయొద్దన్నావు. ఈ ఒక్కటీ చదువు.

నాకు చెవులు వినపడవు. బొత్తిగా వినపడవు. ఐదేళ్లయింది. ముందు హోరు మొదలైంది, తర్వాత మాటలు దూరమయ్యాయి, తర్వాత హోరు కూడా పోయింది. ఒంగోలు తీసుకుపోయి మిషను పెట్టించారు. అందులో గరగర తప్ప ఏమీ లేదు. రజిని నాతో మాట్లాడాలంటే పలక మీద రాసి చూపిస్తుంది. అందుకే నీకు ఫోను వద్దన్నాను. నా గొంతు నాకే వినపడదు కాబట్టి ఎంత గట్టిగా మాట్లాడుతున్నానో నాకు తెలియదు. 'మామా, మీరు మంచినీళ్లు అడిగినా పోట్లాడినట్టే ఉంటాది' అని ఆ పిల్ల ఎన్నిసార్లు రాసి చూపించిందో.

ఆ ఆదివారం రజిని చర్చికి పోయింది. పాట వినపడని చోట కూర్చోలేక నేను పోవడం మానేశాను. ఒక్కణ్ణే ఉన్నాను. ఆటోలోంచి సారు దిగారు. మనిషి సగం అయిపోయారు. కుర్చీ వేశాను. ఆయన కూర్చుని మాట్లాడటం మొదలుపెట్టారు. పెదాలు కదులుతున్నాయి, నాకు ఒక్క మాటా అందడం లేదు. చెవుడు వచ్చిందని చెప్పాలి. నేను మృదంగం వాయించినవాణ్ణమ్మా. ఆ మనిషి ముందు ఆ మాట నా నోటికి రాలేదు. ఇంతలో సారు పెట్టె తెరవబోయారు. చెయ్యి పట్టుకుని, "వద్దు సారూ, తియ్యొద్దు. నేనిప్పుడేం వినడం లేదు. ఎన్నేండ్లో అయిపాయె" అన్నాను.

మామూలుగానే అన్నాననుకున్నాను.

సారు పెట్టె ఒళ్లోకి లాక్కున్నారు. తల ఊపి లేచారు. టీ అని సైగ చేస్తే, వద్దని చెయ్యి ఊపారు. పాపం, వినేవాడు లేడని చిన్నబుచ్చుకుని పోయారనుకున్నాను. నీ ఉత్తరం చదివేదాకా అదే అనుకుంటున్నాను.

ఆయన ఎందుకు వచ్చారో నీకు తెలియాలి. పుస్తకం కోసం రాసిన పేజీల్లో ఇది రాయలేదు. పోయిన మనిషి గురించి మంచి రాయాలని ఆగాను.

1996లో ఒక ఊళ్లో ఉత్సవాలు జరిగాయి. ఊరి పేరు ఎందుకులే. ఆ గుడి వేదిక మీద కచేరీ చెయ్యాలని సారుకు ఎన్నో ఏళ్ల కోరిక. అడిగినప్పుడల్లా ఏదో ఒకటి చెప్పి తప్పించేవాళ్లు. ఆ ఏడు పిలుపు వచ్చింది. ఇద్దరం పోయాం. కమిటీ పెద్దాయన నా పేరడిగాడు. చెప్పాను. ఆయన సారును పక్కకు పిలిచాడు. నేను నాలుగడుగుల దూరంలో ఉన్నాను, అప్పుడు నా చెవులు బాగా పనిచేసేవి.

"మీరంటే ఆఫీసరు కాబట్టి సరే ఇంజనీరు గారూ. ఈయన్ను దేవుని ముందర ఎట్ల కూచోబెడతాం? మద్దెలకు మాకు వేరే ఆయన ఉన్నాడు. మీరు పైకి రాండి."

సారు ఏమీ అనలేదు. నా వైపు చూడలేదు. తర్వాత మెట్లెక్కారు.

నేను జీపులో కూర్చున్నాను. నలభై నిమిషాలు వాయించారు. బాగా వాయించారు. నేను వద్దనుకుంటున్నా నా చేతులు తొడ మీద తాళం వేస్తూనే ఉన్నాయి. వారం తిరక్కుండా బదిలీకి అర్జీ పెట్టాను. సారు చదివి, సంతకం పెట్టి, కాగితం నా చేతికే ఇచ్చారు.

వేళ్లు నొప్పులు కాదమ్మా.

ఏబేలు


గిద్దలూరు,
16 జూన్ 2024.

ఏబేలు మామా,

అట్లా పిలిచే అర్హత పోగొట్టుకున్నాను. అయినా ఇంకో పిలుపు రావడం లేదు.

మీ ఉత్తరం వేసవి సెలవుల్లో అందింది. మొన్న బడి తెరిచిన రోజు కూడా పోలేదు. పిల్లల ముందు నిలబడి పాఠం చెప్పగలననిపించలేదు. నెలన్నరగా రాస్తూ చింపుతూ ఉన్నాను. మీకు చెప్పాల్సింది ఒకటుంది. అది చదివాక మీరు నాకు రాయకపోయినా నేను అడగను.

జనవరిలో, సంక్రాంతి వెళ్లిన వారానికి, నాయన ఎడమ చేత్తో సైగ చేసి కాగితం అడిగాడు. దిండ్లు ఎత్తి పెట్టి, అట్ట మీద కాగితం పెట్టి, పెన్ను చేతికిచ్చాను. అలవాటు లేని చెయ్యి. నుదుటి మీద చెమట పట్టింది. అరగంటకు రెండే అక్షరాలు వచ్చాయి. 'ఏబే' అని.

"ఏబేలుకు రాయాల్నా నాయనా?"

తల ఊపాడు. కంట్లోంచి నీళ్లు కారుతున్నాయి.

నేనేమన్నానో తెలుసా మామా? "వద్దు నాయనా. వినని మనిషి వెంట ఎందుకు పడతావు? ఒకసారి పోయి వచ్చిందానికే ఇట్ల పడిపోతివి" అన్నాను. పెన్ను లాక్కున్నాను. ఆయన మీద ప్రేమతోనే లాక్కున్నాను. తర్వాత రెండు రోజులు కాగితం కోసం చెయ్యి చాపాడు. నేను వేరే మాట మాట్లాడి గంజి తాగించాను. మూడో రోజు చెయ్యి చాపలేదు.

అప్పుడు నేను ఒక్క కార్డు రాసి ఉంటే మీరు వచ్చేవారు. ఆయనకు మాట లేదు, మీకు చెవి లేదు. మంచం పక్కన కుర్చీ వేసుకుని చెయ్యి పట్టుకుని కూర్చునేవాళ్లు. ఇద్దరికీ అంతకంటే ఏం కావాలి? ఆ ఒక్క పూటను నేను లేకుండా చేశాను.

నాయన పోయిన రోజున రెండు ట్రాక్టర్లలో ఆయకట్టు రైతులు వచ్చారు. మా ఇంట్లో ఎవరికీ వాళ్ల పేర్లు తెలియవు. తమ చెరువు పేరు చెప్పుకుని దండం పెట్టారు. "ఏబేలు మామకు చెప్పినావా అక్కా?" అని ఆనంద్ అడిగాడు. చెప్పినా అన్నాను. అది అబద్ధం.

మీ ఉత్తరం వాడికి చూపించాను. "ఇది మాత్రం పుస్తకంలో వద్దక్కా. పోయినాయన పరువు తీసినట్టుంటాది" అంటున్నాడు. వాడికి ఎదురు చెప్పే ధైర్యం నాకు లేదు. వెయ్యకుండా ఉండటానికి మనసు ఒప్పడం లేదు. మీరే చెప్పండి.

రేణుక


తర్లుపాడు,
3 సెప్టెంబరు 2024.

రేణుకా,

రెండున్నర నెలలు రాయలేదు. ఒంట్లో బాగా లేక కాదు, నీ మీద కోపంతో. 'ఏబే' దగ్గర పెన్ను లాక్కున్నావని చదివాక నీ ఉత్తరం మడిచి బీరువాలో అడుగున పెట్టాను. రజిని పొద్దున్నే పలక మీద 'ఆమెకు జవాబు రాయండి మామా' అని రాసి పోయేది. నేను చెరిపేసేవాణ్ణి.

ఆ కోపం నిలవలేదు. ఎందుకంటే నేను నీకు సగమే చెప్పాను.

ఆ ఆదివారం సారు మాట ఒక్కటీ అందలేదని రాశాను. అది నిజమే. కానీ కళ్లున్నాయి కదా నాకు. సారు రెండు చేతులూ జోడించారమ్మా. అంత పెద్దమనిషి, నా ముందర. ఆయన ఏం అడుగుతున్నారో తెలుసుకోవడానికి చెవులు అక్కర్లేదు. పలక తలుపు వెనక మేకుకే వేలాడుతోంది. ఐదడుగులు. తెచ్చి చేతికిస్తే రాసేవారు, నేను చదివేవాణ్ణి.

లేవలేదు. పసిపిల్లాడిలా పలక పట్టుకుని ఆయన ముందు నిలబడటానికి సిగ్గు ఒకటి. ఇంకొకటి నీకు కాక ఎవరికీ చెప్పను. నలభై నిమిషాలు నేను జీపులో కూర్చున్నాను, ఈ ఒక్కసారి ఆయన కూడా ఉత్త చేతులతో పోనీ అనుకున్నాను. మళ్లీ వస్తారు, అప్పుడు పలక ఇద్దాం, అప్పుడు అన్నీ రాయించుకుందాం అనుకున్నాను. ఎనభై మూడేళ్ల మనిషి మళ్లీ వస్తాడని ఎట్లా అనుకున్నానో నాకే తెలియడం లేదు.

అరిచి చెప్పానని నీ ఉత్తరం చూసేదాకా తెలియదు. కానీ ఆయన బాధపడి పోతున్నారని తెలుసు. తెలిసే గేటు దాకా సాగనంపాను.

అందుకని నీదెంత, నాదెంత అని తూకం వెయ్యొద్దు. నీది తెలియక చేసింది. నేను చూస్తూ చూస్తూ చేశాను.

పుస్తకం సంగతి. వెయ్యండి. నా పేరుతో సహా వెయ్యండి. చెరువులూ తూములూ రాసి ఇది రాయకపోతే, ఫిడేలు ఎందుకు ఆగిందని మీ పిల్లలు అడిగితే మళ్లీ వేళ్లు నొప్పులనే చెప్పాలి. సారు ఆ రోజు తప్పు చేశారు. ఆ తప్పుకు ఎవరూ శిక్ష వెయ్యలేదు, తనకు తానే వేసుకున్నారు. ప్రాణమంత ఇష్టమైనదాన్ని ఇరవై ఏడేళ్లు ముట్టుకోలేదు. పరువంటే అదేనని ఆనంద్‌తో చెప్పు. ఏబేలు మామ చెప్పమన్నాడని చెప్పు.

ఏబేలు


గిద్దలూరు,
18 జనవరి 2025.

మామా,

పుష్య బహుళ అమావాస్య నాడు, అంటే ఈ ఇరవై తొమ్మిదో తేదీ బుధవారం, నాయన సంవత్సరీకం. పుస్తకం అచ్చయి వచ్చింది. మీరు రాసింది మీ మాటల్లోనే వేశాం. ఆనంద్ వారం రోజులు నాతో మాట్లాడలేదు. తర్వాత ఏమనుకున్నాడో, కాగితాలు తనే ప్రెస్సుకు పట్టుకుపోయాడు. కొన్ని భాగాలు నేను అందరి ముందూ చదువుతాను. చదవగలనో లేదో తెలియదు.

మీరు ముందు వరసలో ఉండాలి. కారు పంపిస్తున్నాం. రజినిని కూడా తీసుకురండి. వద్దనకండి.

రేణుక


తర్లుపాడు,
4 ఫిబ్రవరి 2025.

అమ్మా రేణుకా,

రజినీ నేనూ చీకటి పడకముందే ఇల్లు చేరాం. మీ ఇంట్లో కట్టిచ్చిన గారెలు ఇరుగుపొరుగుకు కూడా పంచింది.

నువ్వు చదువుతుంటే నాకు ఒక్క ముక్క వినపడలేదు. అందుకని జనం ముఖాలు చూస్తూ కూర్చున్నాను. మొదట నవ్వారు. ఒక ముసలామె కొంగుతో కళ్లు ఒత్తుకుంది, మీ అమ్మ మాట వచ్చి ఉంటుంది. తర్వాత ఎవరూ కదల్లేదు. రెండో వరసలో ఒకాయన కండువా సర్దుకుని లేచి బయటికి పోయాడు. ఆయన వెనక ఇంకో ఇద్దరు. ఉత్సవాల దగ్గరికి వచ్చావని తెలిసింది. అంతలో నువ్వు ఆగిపోయావు. ఆనంద్ లేచి వచ్చి పుస్తకం తీసుకున్నాడు. మూసేస్తాడనుకున్నాను. మిగిలింది వాడు చదివాడు. చదువుతూ ఒకసారి నా వైపు చూశాడు. ఆ చూపు అచ్చం సారుదే.

మధ్యాహ్నం రాచర్ల పొలానికి తీసుకుపోయి, సమాధి దగ్గర నన్ను ఒక్కణ్ణే వదిలి మీరంతా కారు దగ్గర ఉండిపోయారు. సారుతో ఏం మాట్లాడారని రజిని ఇంటికొచ్చినప్పటి నుంచి అడుగుతోంది. ఆ పిల్లకు చెప్పలేదు. నీకు చెప్తాను.

నేను తిట్టాలని వచ్చానమ్మా. పుస్తకంలో వెయ్యమన్నాను, పెద్దమనిషిలా రాశాను, అదంతా నిజమే. కానీ లోపల ఇరవై ఎనిమిదేళ్లుగా దాచుకున్న మాటలున్నాయి. మంచి మాటలు కావు. ఒక్కసారన్నా ఆయన ముందు అనాలి. ఆ కోపం ఉన్నన్నాళ్లూ, సారు గిద్దలూరులో ఉన్నారు, ఏదో ఒకనాడు ఎదురుపడతారు, అప్పుడు అడుగుతాను అన్నట్టే ఉండేది నాకు. సారు పోయారని నువ్వు రాసిన తర్వాత కూడా అట్లాగే ఉంది. అడగాల్సిన మనిషి ఎక్కడికి పోతాడు?

ఆ మట్టి ముందు నిలబడి నోరు తెరిచాను. ఒక్క మాట రాలేదు. లోపల ఎంత తడుముకున్నా కోపం దొరకలేదు. ఎప్పుడు పోయిందో, నీకు రాసిన ఉత్తరాల్లో పోయిందో, ఆనంద్ చదువుతున్నప్పుడు పోయిందో. ఒక్కసారిగా కాళ్ల కింద ఏమీ లేనట్టయింది.

అప్పుడు ఏడ్చాను. ఎంత గట్టిగా ఏడ్చానో నాకు తెలియదు. పక్క చేలో మేకలు మేపుతున్న ఆడమనిషి కర్ర పడేసి పరుగెత్తుకుంటూ వచ్చింది. మీకంటే ముందు ఆమే వచ్చి నా భుజం పట్టుకుంది. ఏదో అడుగుతోంది. సమాధి వైపు చూపిస్తున్న చెయ్యీ, పెదాలూ చూసి తెలుసుకున్నాను.

"ఎప్పుడు పోయినాడు తాతా?" అంటాంది.

"ఇప్పుడేనమ్మా" అన్నాను.

ఏబేలు